మా అబ్బాయి రొమ్ము మధ్యలో గుంట ఉంది, ఆపరేషన్ చేయించాలా?

అడిగినావిడ రాసింది ఇదీ: పదిహేనేళ్ళ కొడుకు, రొమ్ము మధ్యలో గుంట. ఒక డాక్టరు లోపల స్టీలు బద్ద పెట్టి లేపుదాం అన్నారట. ఇంకొకాయన అది అందం కోసం చేసేది, వదిలేయండి అన్నారట. చుట్టాలేమో పెద్దయితే అదే పూడుకుంటుంది అంటున్నారట.

పూడుకోదండీ. పూడుకోవడానికి అదేమన్నా మున్సిపాలిటీ గొయ్యా, వానకి మట్టి కొట్టుకొచ్చి నిండటానికి? పన్నెండు పదమూడేళ్ళకి పిల్లాడు ఒక్కసారిగా పొడుగు సాగుతాడు చూడండి, సరిగ్గా అప్పుడే అది ఇంకా లోతు దిగుతుంది. నాకు అలాగే అయింది. 2012 మే నెలలో, ఇంటర్ ఫస్టియర్ పరీక్షలయ్యాక, ఆ బద్ద పెట్టారు. 2015లో తీసేశారు. నేను డాక్టర్ని కాదు. మూడేళ్ళు రొమ్ములో ఇనుము మోసినవాడిగా రాస్తున్నాను, అంతే.

మాది విజయవాడ. నాన్నకి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు. చిన్నప్పుడు నా గుంట పెద్దగా తెలిసేది కాదు. 2004 కృష్ణా పుష్కరాలకి నాన్న నన్ను భుజాన ఎక్కించుకున్న ఫోటో ఒకటి ఇంట్లో ఉంది. ఒంటి మీద చొక్కా లేదు, రొమ్ము మధ్యలో చిన్న సొట్ట, ఎవరూ పట్టించుకోనంత. నానమ్మ మాత్రం, నేను కడుపులో ఉండగా అమ్మ గ్రహణం చూసింది, అందుకే ఇలా అని తేల్చేసింది. అమ్మ ఆ మాట పదహారేళ్ళు పడింది. దీనికి గ్రహణంతో ఏ సంబంధమూ లేదు. పక్కటెముకల్ని రొమ్మెముకకి కలిపే మెత్తటి ఎముకలు వంకరగా పెరిగితే మధ్య ఎముక లోపలికి పోతుంది. కొన్ని ఇళ్ళల్లో వంశంలో వస్తుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. నానమ్మకి ఇదంతా చెప్తే, 'అదే, గ్రహణం' అంది.

పన్నెండేళ్ళు దాటాక నేను చొక్కా విప్పడం మానేశాను. స్నానానికి బట్టలు లోపలికే పట్టుకెళ్ళేవాణ్ణి. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా చొక్కా కింద బనీను. భుజాలు ముందుకు వంచి నడిచేవాణ్ణి, చొక్కా వదులుగా వేలాడితే గుంట కనపడదని. 'గూనోడిలా ఆ నడకేంట్రా' అని ఇంట్లో రోజూ తిట్లు. ఎందుకలా నడుస్తున్నానో ఒక్కళ్ళూ అడగలేదు. ఇంటర్‌లో వేసిన రెసిడెన్షియల్ కాలేజీ సంగతి వేరే చెప్పాలి. తెల్లవారుజామున ఐదింటికి వరసగా కుళాయిలు, వరసగా అబ్బాయిలు, తలుపుల్లేవు. నెల తిరక్కుండా నాకు 'సబ్బుపెట్టె' అని పేరు పడిపోయింది. నిజంగానే ఒకడు సబ్బు తెచ్చి గుంటలో పెట్టి, పడకుండా ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ చేస్తారు కదా.

నాకు కోపం మాత్రం వాళ్ళ మీద లేదు. ఇంట్లో వాళ్ళ మీద ఉండేది. ఒకే ఇంట్లో నాలుగేళ్ళు ఉండి కన్నకొడుకు రొమ్ము ఎలా ఉందో చూడని ఇల్లు మాది. సంక్రాంతి సెలవుల్లో జ్వరం వస్తే మా వీధి ఆర్‌ఎంపీ గారు స్టెతస్కోపు పెట్టడానికి చొక్కా ఎత్తి, 'అబ్బాయికి ఇది చూపించారా ఎక్కడన్నా?' అన్నారు. అమ్మ 'ఏది?' అంది. ఆ 'ఏది?' నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అక్కణ్ణుంచి హైదరాబాద్. గుండె, ఊపిరితిత్తుల ఆపరేషన్లు చేసే డాక్టరు గారి గది. నాన్న, నేను. 'చొక్కా తీయి బాబూ' అన్నారు. నేను నాన్న వంక చూశాను. నాన్న గోడ మీద క్యాలెండరు వంక చూస్తున్నాడు. గుండీలు విప్పేసరికి నా చేతులు వణికాయి, బనీను తలలోంచి తీసేటప్పుడు ముఖం గుడ్డలో ఉన్న ఆ రెండు సెకన్లూ అలాగే ఉండిపోతే బాగుండుననిపించింది. తీశాక గదిలో చప్పుడు లేదు.

నాన్న లేచి వచ్చాడు. వంగి చూశాడు, లారీ చాసిస్ కింద పగులు వెతికేటప్పుడు ఎలా చూస్తాడో అలా. తర్వాత అరచెయ్యి తెచ్చి ఆ గుంటలో పెట్టాడు. వెల్డింగ్ నిప్పురవ్వలు పడీ పడీ మొద్దుబారిన చెయ్యి అది, గరుగ్గా ఉంటుంది. సరిగ్గా ఇమిడిపోయింది. 'డాక్టరు గారూ, ఒకసారి ఆ స్కేలు ఇస్తారా' అన్నాడు. బల్ల మీద ప్లాస్టిక్ స్కేలు తీసుకుని నా రొమ్ముకి అడ్డంగా పట్టుకున్నాడు. జేబులోంచి తన స్టీలు టేపు తీసి, స్కేలు అంచు నుంచి గుంట అడుక్కి దించాడు. అది చల్లగా తగిలి నేను ఉలిక్కిపడ్డాను. 'కదలకు... ఇంచిన్నర.' డాక్టరు గారికి ముందు చిరాకేసింది, కనుబొమలు ముడిపడటం నేను చూశాను. తర్వాత నవ్వేశారు. 'మేమూ ఇదే చేస్తామండీ, కాకపోతే సీటీ స్కాన్లో' అన్నారు.

సీటీలో చేసేది చాలా తేలికైన లెక్క. రొమ్ము లోపలి వెడల్పుని, గుంట బాగా లోతుగా ఉన్నచోట రొమ్మెముక నుంచి వెన్నెముక దాకా ఉన్న దూరంతో భాగిస్తారు. హాలర్ ఇండెక్స్ అంటారు, 1987లో హాలర్ అనే డాక్టరు పెట్టిన లెక్క. మామూలు వాళ్ళకి రెండున్నర అటూ ఇటూ వస్తుంది. 3.25 దాటితే ఆపరేషన్ మాట ఎత్తుతారు. నాది వెడల్పు 24.6 సెంటీమీటర్లు, లోపల మిగిలిన చోటు 6. అంటే 4.1. గుండె ఎడమ పక్కకి జరిగిపోయి ఉంది ఫిల్ములో. 'చోటు లేక సర్దుకుందండీ, జనరల్ బోగీలో ప్యాసింజరులాగా' అన్నారు డాక్టరు గారు.

బయటికొచ్చాక, లిఫ్టు దగ్గర నాన్న అడిగాడు. 'ఎప్పణ్ణుంచిరా?' 'తెలీదు నాన్నా' అన్నాను. అబద్ధం.

ఇక ఆపరేషన్ సంగతి. పాత పద్ధతిలో రొమ్ము కోసి, వంకర ఎముకలు తీసేసి, మధ్య ఎముకకి గంటు పెట్టి లేపేవారు. 1949లో రావిచ్ అనే సర్జన్ పేరున వచ్చింది, కొందరికి ఇప్పటికీ అదే చేస్తారు. నాకు చేసింది నస్ పద్ధతి. దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలో పనిచేసిన డొనాల్డ్ నస్ అనే పిల్లల సర్జన్ 1987లో వర్జీనియాలోని నార్ఫోక్‌లో మొదలుపెట్టాడు. వెంటనే డప్పు కొట్టుకోలేదు మహానుభావుడు, పదేళ్ళు చూసుకుని, 42 మంది పిల్లల సంగతి 1998లో అచ్చువేశాడు. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నారు. ఎముక ఏదీ తీయరు. రెండు చంకల కిందా చిన్న కోతలు. కెమెరా లోపలికి పంపి, దాన్ని చూస్తూ రొమ్మెముక కింద నుంచి, గుండెకి ముందుగా దారి చేస్తారు. విల్లులా వంచిన స్టీలు బద్దని ఆ దారిలో అటు నుంచి ఇటు లాగుతారు, వంపు వెనక్కి ఉండేలా. లాగాక బద్దని తిరగేస్తారు. అంతే, వంపు ముందుకొచ్చి గుంట టక్కున పైకి లేస్తుంది. చివర్లు పక్కటెముకలకి కట్టేస్తారు.

డాక్టరు గారు ఇదంతా కాగితం మీద గీస్తుంటే నాన్న మొహం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక డాక్టరు చెప్పేది ఆయనకి పూర్తిగా అర్థమైంది. 'బద్దని ఎంత వంచాలో ఎలా తెలుస్తుందండీ?' అని అడిగాడు. 'మెత్తటి అల్యూమినియం పట్టీని ముందు అబ్బాయి రొమ్ము మీద పెట్టి వంచి కొలత తీసుకుంటాం. దాన్ని చూసి స్టీలు వంచుతాం.' 'మేమూ అంతేనండీ, ముందు రేకు టెంప్లేటు' అన్నాడు నాన్న. మళ్ళీ ఆయనే, 'మూడేళ్ళెందుకు? లేచింది కదా, తీసేయొచ్చుగా?' దీనికి డాక్టరు గారు నోరు తెరిచేలోపు ఆయనే చెప్పేసుకున్నాడు: 'సెంట్రింగా?' డాక్టరు గారు పెన్ను కింద పెట్టి, 'ఇక నుంచి అందరికీ ఇదే చెప్తానండీ' అన్నారు. స్లాబ్ ఆరకముందే సెంట్రింగ్ చెక్కలు పీకితే ఏమవుతుందో మన దగ్గర చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఎముకలు కొత్త ఆకారంలో గట్టిపడే దాకా బద్ద ఉండాలి, రెండు నుంచి నాలుగేళ్ళు, చాలామందికి మూడు.

ఇక్కడ ఇన్సూరెన్స్ వాళ్ళని తిట్టకుండా ముందుకెళ్ళలేను. మా పాలసీ వాళ్ళు 'సౌందర్య చికిత్స' అని రాసి తిప్పికొట్టారు. గుండె పక్కకి జరిగిపోతే సౌందర్యం ఏంటండీ? నన్నేమన్నా సినిమా హీరోని చేస్తున్నారా? మూడు లక్షల పైన అయింది అప్పట్లో. నాన్న షెడ్డులోని పాత షీరింగ్ మిషను, అదే రేకులు కోసేది, అమ్మాడు. మీరు మాత్రం ముందే సీటీ, గుండె ఎకో, ఊపిరి పరీక్ష, మూడూ చేయించి, హాలర్ అంకె వేసి, గుండె నొక్కుకుంటోందని డాక్టరు చేత లెటర్ రాయించుకుని అప్పుడు అప్లై చేయండి. ఆ రెండో డాక్టరు 'అందం కోసం' అన్నారే, ఆ మాట ఒక్కటి కాగితం మీద పడిందంటే ఇన్సూరెన్స్ సంగతి మర్చిపోవచ్చు.

నొప్పి. వీడియోల్లో 'చిన్న రంధ్రాలు, నాలుగు రోజుల్లో ఇంటికి' అని చూపిస్తారు. రంధ్రాలు చిన్నవే. పదహారేళ్ళు లోపలికి ఉన్న ఎముకని అరగంటలో బయటికి తెచ్చాక, దానికి అలవాటుపడ్డ ప్రతి కండా, ప్రతి నరం ఎదురుతిరుగుతుంది. మొదటి మూడు రోజులూ వెన్నులో సన్నటి గొట్టం పెట్టి మందు ఇచ్చారు, బాగానే ఉన్నాను, నర్సులతో జోకులు కూడా వేశాను. నాలుగో రోజు ఆ గొట్టం తీశారు. ఆ రాత్రి రొమ్ము మీద లోడు లారీ ఆగినట్టుంది. మూడు బంతుల డబ్బా ఒకటి ఇస్తారు, పీల్చి బంతులు లేపాలి. ఒక్క బంతి లేపడానికి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. తుమ్ము వస్తుంటే భయంతో ముక్కు పట్టుకున్నాను. అయినా వచ్చింది. దాని గురించి రాయను. ఇప్పుడు పక్కటెముకల కింది నరాల్ని చలితో మొద్దుబార్చే పద్ధతి ఒకటి వచ్చింది, క్రయో అంటారు. కొన్ని నెలలు రొమ్ము మీద స్పర్శ తెలియదు కానీ నొప్పి బాగా తగ్గుతుంది. మీ డాక్టరు దగ్గర ఉందా అని తప్పకుండా అడగండి. నాకు ఆ అదృష్టం లేదు.

ఇంటికొచ్చాక ఇంకో తంటా. పక్కకి తిరిగి పడుకోకూడదు, నడుం తిప్పకూడదు, చేతులు పట్టి లాగి లేపకూడదు, లాగితే బద్ద జరగొచ్చు. మరి మంచం మీంచి లేవడం ఎలా? నాన్న రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు, మూడో రోజు మంచం షెడ్డుకి మోయించుకుపోయాడు. సాయంత్రానికి తిరిగొచ్చింది. తల వైపు సగం విడిగా కోసి, కీళ్ళు వెల్డింగ్ చేసి, కింద లారీ స్క్రూ జాకీ బిగించాడు. రాడ్డు తిప్పితే నా వీపు కింద చెక్క మెల్లగా లేస్తుంది, నేను నడుం కదపకుండా కూర్చునే దాకా. ఆ రాడ్డు తిప్పే ఉద్యోగం నానమ్మది. 'ఇంకో రెండు చుట్లా నాన్నా?' అని అడుగుతూ తిప్పేది, కిర్రు కిర్రుమని. ఆసుపత్రి మంచం అద్దెకి తెస్తే సరిపోయేది కదా అని మావయ్య అన్నాడు. నాన్న అసలు వినిపించుకోలేదు.

నెలన్నర అలా గడిచింది. మూడు నెలలు బరువులెత్తలేదు, ఆటల్లేవు. తర్వాత బద్ద ఉన్నట్టే మర్చిపోయాను, దుర్గ గుడి క్యూలో తప్ప. అక్కడ పోలీసాయన చేతి మిషను నా రొమ్ము దగ్గరికి రాగానే కూసేది. 'లోపల ఏం పెట్టావ్?' 'స్టీలండీ.' 'తీసి చూపించు.' అందుకే డాక్టరు కార్డు జేబులో ఉంచుకునేవాణ్ణి. ఆ కార్డు నిజానికి ఇంకో పనికి. బద్ద ఉన్నవాడికి గుండె ఆగితే రొమ్ము మామూలు కంటే గట్టిగా నొక్కాలి, షాకిచ్చే ప్యాడ్లు ఒకటి ముందు, ఒకటి వీపు మీద అంటించాలి. ఇంట్లో వాళ్ళకీ కాలేజీలోనూ ఇది చెప్పి ఉంచండి.

ఊపిరి తేడా వచ్చిందా అని అడుగుతారు అందరూ. వచ్చింది. అప్పటిదాకా ఇంద్రకీలాద్రి మెట్లకి రెండు చోట్ల ఆగేవాణ్ణి, తర్వాత ఆగలేదు. మనసు కుదుటపడి అలా అనిపిస్తుంది, ఊపిరి అంకెలు పెద్దగా మారవు అని ఒక డాక్టరు ఫ్రెండు వాదిస్తాడు. వాడు ఎక్కలేదుగా ఆ మెట్లు నా ఊపిరితిత్తులతో.

కొన్ని సంగతులు గబగబా చెప్పేస్తాను. మీ వాడిది గుంట కాక ముందుకి పొడుచుకొచ్చిన రొమ్ము అయితే కత్తి దాకా పోనక్కర్లేదు, ఈ వయసులో నొక్కిపెట్టే బెల్టు చాలామందికి పనిచేస్తుంది, కాకపోతే నెలల తరబడి రోజూ పెట్టుకునే ఓపిక కావాలి. గుంట తక్కువ లోతుదైతే గాలి లాగి ఎత్తే గంట లాంటి రబ్బరు పరికరం ఉంది, అది కూడా అడగండి. పిల్లాడు బాగా పొడుగ్గా, సన్నగా, వేళ్ళు సాగినట్టుగా ఉంటే మార్ఫాన్ అనే జబ్బు ఉందేమో చూడమనండి, అది గుండె పెద్ద రక్తనాళానికి సంబంధించింది, వదిలేయకూడదు. గిల్టు గొలుసులకి, బెల్టు బకిల్‌కి ఒళ్ళు దద్దుర్లెక్కే పిల్లాడైతే నికెల్ పడదేమో పరీక్ష చేయించండి, వాళ్ళకి టైటానియం బద్ద వేస్తారు. 'డిప్స్ కొట్టరా, అదే లేస్తుంది' అనే జిమ్ము మాస్టర్లకి దణ్ణం పెట్టి వచ్చేయండి. కసరత్తుతో గూను తగ్గుతుంది, ఎముక లేవదు. ఇంకోటి, గుండె పక్కనుంచి ఇనుము పోతుంది కాబట్టి ప్రమాదం అరుదే అయినా చిన్నది కాదు. ఇప్పటిదాకా ఎన్ని చేశారు అని సర్జన్ని మొహమాటపడకుండా అడగండి. మా నాన్న అడిగాడు. 'కొత్త మేస్త్రీకి మొదటి స్లాబ్ మన ఇల్లు ఇవ్వకూడదు కదండీ' అని కారణం కూడా చెప్పాడు ఆయనకే.

2016 ఆగస్టు పుష్కరాల్లో చొక్కా విప్పి ఘాట్లో దిగాను. పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారి, అంతమంది ముందు. ఎవరూ చూడలేదు. నాకు కొంచెం నిరాశగా అనిపించింది కూడా. ఒక ముసలాయన మాత్రం పక్కన గాట్లు చూసి 'పొడిచారా బాబూ ఎవరన్నా?' అన్నాడు. నాన్న పక్కనే మునుగుతూ, లేచి, నీళ్ళు తుడుచుకుని, 'నేనే చేయించానండీ' అన్నాడు, షెడ్డులో కొత్త బాడీ చూపించినట్టు.

తీసిన బద్దని డాక్టరు గారు కడిగి కవరులో పెట్టి ఇచ్చారు. నాన్న దాన్ని వైసులో బిగించి కాస్త వంచి చూశాడట, చేత్తో కదల్లేదట. ఇప్పుడది షెడ్డులో రెంచీల పక్కన మేకుకి వేలాడుతోంది. కుర్రాళ్ళెవరన్నా పనికి తీస్తే అరుస్తాడు.

మీ ప్రశ్న చేయించాలా వద్దా అని కదా. ఆ హాలర్ అంకె ఎంతొచ్చిందో మీరు రాయలేదు, వాడేమంటున్నాడో కూడా రాయలేదు. ముందు సీటీ తీయించండి. ఈ రోజు వాడు స్నానం చేసి వచ్చాక వాళ్ళ నాన్నని ఒక్కసారి గదిలోకి పంపండి. చుట్టాలెవరూ ఉండకూడదు. టేపు అక్కర్లేదు.